ఇంకోసారి బావ నీళ్ల గొట్టాలు

మా బావని తోటి మెకానిక్కులెవరూ పేరు పెట్టి పిలవరు. ‘ఇంకోసారి’ అంటారు. ఆయన లిఫ్టులు బాగుచేసేవాడు. పని అయిపోయి, అందరూ చేతులు తుడుచుకుని టీకి బయల్దేరే వేళకి ఈయన లిఫ్టు తలుపుకి చెవి ఆనించి, కళ్లు మూసుకుని, “ఇంకోసారి చూద్దాం” అనేవాడు. బిగించిన పెట్టె మళ్లీ విప్పాలి. విప్పింది మళ్లీ బిగించాలి. ఆయనతో పనిచేసిన వాళ్లంతా జీవితంలో సగం టీలు చల్లారాకే తాగారు.

రిటైరయ్యాక ఆ ఇంకోసారంతా ఇంటిమీద పడింది. ఫ్రిజ్ కొనడానికి వెళ్లినప్పుడు తలుపు వేస్తే లోపలి లైటు ఆరుతుందో లేదో తేల్చుకోవాలన్నాడు. కొట్టువాడు ఆరుతుందన్నాడు. “నువ్వు చూశావా?” అని అడిగాడు బావ. పాపం, ఎవరు మాత్రం ఎలా చూస్తారు? బావ తల ఎంత పడితే అంత లోపలికి దూర్చి, “ఇప్పుడు వెయ్యి” అన్నాడు. మా అక్క ఆ కొట్టు ఉన్న వీధిలోకి మళ్లీ వెళ్లలేదు.

నేనేమీ తక్కువదాన్ని కాదు. రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. దేనికైనా కారణం తెలిసేదాకా నాకు తిన్నది ఒంటికి పట్టదు. అక్క ఇల్లు మా వీధి చివరే కాబట్టి నా పరిశోధనలన్నీ అక్కడే సాగుతాయి. “కందకి లేని దురద కత్తిపీటకెందుకే?” అని అక్క తిడుతుంది. కత్తిపీట దురద కత్తిపీటది.

అక్క ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని కర్టెన్లు కుడుతుంది. ఒకరోజు పెడలు తొక్కుతూ, ఎడమకాలు పెడలు మీద ఉందో లేదో వంగి చూసుకోవాల్సి వచ్చింది. బొటనవేలు మొద్దుబారింది. డాక్టరు ఫోటోలు తీయించి, నడుం దగ్గర ఎముకల మధ్య నరం నలిగిపోతోందని, ఆపరేషన్ చేయాలని చెప్పాడు. ఎంత త్వరగా చేయించుకుంటే అంత మంచిదన్నాడు. ఆ తర్వాత కొన్ని నెలలు మెట్లెక్కకూడదు, బరువెత్తకూడదు.

“మరి నా మొక్కలు?” అంది అక్క.

డాక్టరు మా వంక చూశాడు. మేం నేల వంక చూశాం. అక్కకి మేడమీద మొక్కలున్నాయి. మొక్కలంటే నాలుగు పూలకుండీలు కావు. రంగు డబ్బాల్లో టమాటాలు, నూనె డబ్బాల్లో మిరప, ఎవరో పారేసిన చేతులు కడుక్కునే సింకులో పుదీనా, పాత సూట్‌కేసులో ఆకుకూరలు. వీటికి తోడు గులాబీలు, ఒక నిమ్మ. ఆ బిల్డింగులో ఎవరింట్లో మొక్క ఉన్నా అది అక్క ఇచ్చిన కొమ్మే.

బావే రోజూ నీళ్లు పోయొచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. నాకూ అనిపించింది. పైకి అన్నాను కూడా.

“ఆయన పోస్తే ఒక్కో కుండీ దగ్గరా ఇంకోసారి అంటారు,” అంది అక్క. “మొక్కలన్నీ కుళ్లి చస్తాయి.”

దాంతో బావకి పౌరుషం వచ్చింది. గొట్టాలు వేస్తానన్నాడు. ఒక్క కొళాయి తిప్పితే ప్రతి కుండీకీ బొట్టు బొట్టుగా, ఒకే తీరున నీళ్లు అందుతాయన్నాడు. “పక్కింటివాళ్లని అడిగినా పొద్దున్నే వచ్చి తిప్పేసి పోతారు. నీ మొక్కలకి నువ్వు లేవనే సంగతే తెలీదు.”

“ఒక్కటి ఎండినా నేను ఆస్పత్రికి రాను. అన్నింటికీ సమానంగా అందాలి. అది మీరు చూపించిన రోజే డాక్టరుకి ఫోన్ చేద్దాం,” అంది అక్క.

ఆ మాట మీద ఆపరేషన్ ఆగింది. లిఫ్టునే విప్పి బిగించేవాడికి ఇదొక లెక్కా, ఒకపూట పని అనుకున్నాను నేను.

బావ మేడమీద ఒక మూల ఇటుకలు పేర్చి నీళ్ల డ్రమ్ము ఎక్కించాడు. దానికి కొళాయి, కొళాయి తర్వాత చెత్త అడ్డుకునే జల్లెడ, అక్కణ్ణుంచి గోడ వెంబడి వేలు లావు నల్లగొట్టం. ప్రతి కుండీ ఎదురుగా గొట్టానికి చిల్లు పొడిచి, చిల్లుకో సన్నగొట్టం తగిలించాడు. సన్నగొట్టం చివర డ్రిప్పరు. అది గుండీ అంత ప్లాస్టిక్ ముక్క, నెత్తిన ఎర్రమూత. మూత ఒకవైపు తిప్పితే బొట్లు జోరవుతాయి, ఇంకోవైపు తిప్పితే తగ్గుతాయి, పూర్తిగా బిగిస్తే ఆగిపోతాయి. నల్లగొట్టం ఎండలో పెట్టి మెత్తబరిచి మరీ తగిలించాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంది.

కొళాయి తిప్పాం. డ్రమ్ము పక్కనున్న టమాటాల దగ్గర ధార కట్టింది. గొట్టం చివరనున్న పుదీనా సింకులో ఒక్క బొట్టు కూడా రాలేదు.

“వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు,” అన్నాను. “నీ వడ్డన చూస్తే అలా లేదు బావా.”

“నీరు పల్లమెరుగు. మనం ఎరగాలిగా,” అన్నాడు బావ గొట్టం నిమురుతూ. “ఇంకోసారి చూద్దాం.”

అప్పటినుంచి నాకూ పట్టుకుంది పిచ్చి. చివరి కుండీకి నీళ్లెందుకు పోవు? దారిలో ఉన్న డ్రిప్పర్లన్నీ తాగేస్తే చివరికొచ్చేసరికి తోపుడు మిగలదు, అందుకు. సరే, డ్రమ్ము ఇంకో రెండు వరసలు ఎత్తాం. కొంచెం నయం. అయినా గులాబీలకి పారదు. ఎందుకు? అవి పిట్టగోడమీద ఉన్నాయి, ఎత్తు. గులాబీలని కిందికి దింపాం. అయినా నిమ్మకి సన్నగా వస్తోంది. గొట్టం మధ్యలో ఒకచోట పైకి లేచి ఉంది. అక్కడ గాలి చేరి కూర్చుంది. బావ చివరి బిరడా తీసి గాలి పోనిచ్చాడు, గొట్టం దగ్గుతూ బురదనీళ్లు కక్కింది. ఇలా ఒక్కొక్క కారణం బయటపడుతుంటే నాకు ఎంత సంబరంగా ఉండేదో చెప్పలేను. ల్యాబునుంచి నేరుగా మేడమీదికే పోయేదాన్ని.

కంటితో చూసి సమానం అంటే బావ ఒప్పుకోడు. అందుకని మా ల్యాబులో తేదీ దాటి పారేయబోతున్న శాంపిల్ డబ్బాలు ఒక బస్తా తెచ్చాను. పక్కన గీతలుండే చిన్న డబ్బాలు. కుండీకొకటి పెట్టి, కాసేపు బొట్లు పట్టి, ఏది ఏ గీత దాకా నిండిందో చూడొచ్చు.

అక్క వాటిని చూసి గొంతు చించుకుంది. “ఛీ ఛీ, వీటిల్లో జనం ఏం పోస్తారో నాకు తెలీదా? నా పుదీనాలో పెడతావా?”

“కొత్తవే అక్కా. ఎవరూ ఏమీ పోయలేదు.”

“అయినా సరే. ఆ పుదీనా నువ్వే తిను.”

డబ్బాలు పెట్టాక తేడా ఎంతో తెలిసింది. చివరికి బావకి ఉపాయం తట్టింది. గొట్టాన్ని అలా గోడ చివర వదిలేయకుండా, మేడంతా చుట్టి తెచ్చి మళ్లీ డ్రమ్ము దగ్గరే మొదటి గొట్టానికి కలిపేశాడు. ఇక కడబంతి అనేదే లేదు. ఏ కుండీకైనా రెండు వైపులనుంచీ నీళ్లు వస్తాయి. ఆ సాయంత్రం డబ్బాలన్నీ ఒకే గీతకి నిండాయి. నేను గట్టిగా కేక పెట్టాను. బావ మాత్రం నిండిన డబ్బాల మధ్య గొంతుక్కూర్చుని, ఒక్కొక్కటీ ఎత్తి చూసి, మెల్లగా దించాడు.

నేను పరుగున కిందికి వెళ్లి అక్కకి చెప్పాను. అక్క మిషను మీద గుడ్డ కప్పి, “అయితే రేపు పొద్దున డాక్టరుకి ఫోన్ చేద్దాం,” అంది.

పొద్దున నేను వెళ్లేసరికి బావ నిమ్మచెట్టు దగ్గర పెట్టిన శాంపిల్ డబ్బా పట్టుకుని మెట్లు దిగుతున్నాడు. డబ్బా అడుగు కూడా తడవలేదు. “ఇంకోసారి చూద్దాం,” అన్నాడు.

అక్కడ మొదలైంది అసలు వింత. నిమ్మ డ్రిప్పరు సరిచేశాడు, బాగానే వచ్చింది. మర్నాడు గులాబీకి ఆగింది. గులాబీది బాగయింది. మిరపకి తగ్గింది. ఒకటే కుండీకి జబ్బు చేస్తే దాన్ని పట్టుకోవచ్చు. ఈ జబ్బు కుండీ కుండీకి నడుస్తోంది. నా ఊహలకి అంతులేదు. డ్రమ్ములో నాచు పట్టిందా? జల్లెడ విప్పి కడిగాను, శుభ్రంగా ఉంది. ఎండకి మూతలు సాగుతున్నాయా? అలా అయితే అన్నీ సాగాలి. చీమలా? కాకులా? ఎర్రమూతల్ని కాకులు పళ్లనుకుని పొడుస్తున్నాయని రెండురోజులు గట్టిగా నమ్మి, మేడమీద పాత సీడీలు వేలాడదీశాను. పక్కబిల్డింగావిడ ఏమైనా వేడుకా అని అడిగింది.

వారాలు జారిపోతున్నాయి. అక్క ఏమీ అనేది కాదు. “ఎంతవరకొచ్చింది?” అని అడిగి, “ఇంకోసారి చూస్తానన్నారు” అంటే తలూపి, కర్టెన్ అంచు మడిచేది. బావ అంటే అందరికీ తెలిసిందే. బిగించింది విప్పకపోతే ఆయన ఆయనే కాదు. ఆ పేరు ఉండబట్టే ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

చివరికి ల్యాబులో వాడే చెరగని పెన్ను తీసుకెళ్లి, బావ బజారుకెళ్లిన సమయంలో, ప్రతి డ్రిప్పరుకీ మూతనుంచి కిందిముక్క దాకా కనపడీ కనపడకుండా సన్నటి గీత గీశాను. మూత తిరిగితే గీత విరుగుతుంది. దానంతటదే బిగుసుకుంటే కాస్తే విరుగుతుంది. ఎవరైనా తిప్పితే బాగా విరుగుతుంది.

మర్నాడు నా సెలవు. మధ్యాహ్నం వెళ్లి చూస్తే టమాటా మూత సగం చుట్టు తిరిగి ఉంది. అంత తిప్పడం కాకి తరం కాదు. అది మనిషి చెయ్యి.

నాకు ఒళ్లు మండిపోయింది. మనిషెవరో నాకు వెంటనే తెలిసిపోయిందనుకున్నాను. ఆపరేషన్ ఎవరికి? భయం ఎవరికి ఉంటుంది? దబదబా మెట్లు దిగి అక్క ఎదురుగా నిలబడ్డాను.

“భయమైతే భయమని చెప్పక్కా. ఆ మనిషి ఎండలో పడి ఇన్నాళ్లు చాకిరీ చేస్తుంటే, నువ్వు దొంగచాటుగా పైకెళ్లి మూతలు బిగిస్తావా?”

అక్క కత్తెర కింద పెట్టింది. “ఏం మూతలే?”

గీతల సంగతంతా చెప్పాను.

“నేనా? ఈ కాలేసుకుని మేడెక్కానా?” అంది అక్క. “నేను పైకెళ్లి ఎన్నాళ్లయిందో నీకు తెలుసా?”

నాకు తెలీదు. నిజంగానే తెలీదు. అన్ని కారణాలూ వెతికే నేను, అక్క పైకి రావడం మానేసిందని గమనించనే లేదు. తను కాకపోతే ఇంకెవరని అడగబోయాను. అక్క మొహం చూసి ఆగిపోయాను. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరు.

“నా చెయ్యి పట్టుకో. పైకెళదాం,” అంది.

మెట్లు ఎక్కడానికి చాలాసేపు పట్టింది. కుడిచేత్తో పిట్టగోడ, ఎడమచేత్తో నా భుజం. ఒక్కో మెట్టుకీ ముందు కుడికాలు పెట్టి, ఎడమకాలిని వెనకనుంచి పైకి లాక్కునేది. ఎక్కాక గుమ్మంలో ఆగాం. బావ అటు తిరిగి గులాబీ పక్కన కూర్చున్నాడు. ఎప్పుడు పైకొచ్చాడో, చెయ్యి ఎర్రమూత మీద ఉంది. చూస్తుండగానే మెల్లగా బిగించాడు. బొట్టు ఆగింది. ఆగిందో లేదో చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు కూడా.

“దొంగ చేతికే తాళాలిచ్చాం,” అంది అక్క.

బావ ఉలిక్కిపడి లేవలేదు. మూత మీద చెయ్యి అలాగే ఉంచి, ఇటు తిరగకుండానే, “ఇదేదో కొంచెం…” అన్నాడు.

“ఇంకోసారి అన్నారంటే ఊరుకోను. ఎందుకండీ? నా మొక్కల నోరెందుకు కట్టేశారు?”

బావ మూత మీంచి చెయ్యి తీశాడు. తర్వాత చెప్పాడు. “లిఫ్టు బాగుచేశాక మొదట ఎవరు ఎక్కుతారో తెలుసా? నేను. ఖాళీ లిఫ్టులో పైదాకా వెళ్లి, కిందికొచ్చి, అప్పుడు తలుపు దగ్గరున్నవాళ్లని ఎక్కమనేవాణ్ణి. తేడా వస్తే నాకు రావాలని. దీంట్లో నన్ను ముందు ఎక్కనివ్వరు. నిన్ను తీసుకెళ్లి తలుపేసుకుంటారు. నేను బయట కుర్చీలో కూర్చోవాలి. వెన్నులో కత్తి పెడతారే… నువ్వు మళ్లీ లేవకపోతే? నాకు భయమేసింది. ఆ సాయంత్రం డబ్బాలన్నీ ఒకే గీతకి నిండాయి కదా, అప్పట్నుంచీ భయమే.”

నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. అక్క తిట్టడానికి నోరు తెరిచింది. అప్పటికి బావ ఇటు తిరిగాడు. ఆయన కళ్లు అక్క మొహం మీద లేవు. కాళ్ల మీద ఉన్నాయి.

“నీ చెప్పు ఏది?”

అక్క కిందికి చూసుకుంది. కుడికాలికి చెప్పు ఉంది. ఎడమపాదం ఉత్తది. మెట్ల మీద ఎక్కడో జారిపోయింది, తనకి తెలీలేదు. అంతేకాదు. సిమెంటు అంచుకి గీసుకుని మడమ చీరుకుపోయింది. పైమెట్టు నుంచి మేం నిలబడ్డ గుమ్మం దాకా నేలమీద ఎర్రగా మరకలున్నాయి. అక్క వాటిని ఎవరి రక్తమో అన్నట్టు చూసింది.

బావ వచ్చి నేలమీద కూర్చుని ఆ పాదం ఒళ్లోకి తీసుకున్నాడు. గాయం మీద బొటనవేలితో నొక్కాడు. “నొప్పి లేదూ?”

“లేదు.”

“ఎప్పట్నుంచి?”

“మీరు గొట్టాలు కొనుక్కొచ్చిన రోజున బొటనవేలొక్కటే. తర్వాత తర్వాత మిగతా వేళ్లు పోయాయి. ఇప్పుడు మడమ దాకా వచ్చింది.”

“మరి నాకు చెప్పలేదేం?”

“మీరు అంత శ్రద్ధగా చేస్తున్నారు కదండీ. తొందరపెడితే ఏదో ఒకటి అయిందనిపిస్తారు, తర్వాత మీ మనసు ఒప్పుకోదు. అయ్యేదాకా ఆగుదామనుకున్నాను.”

బావ ఆ పాదాన్ని రెండు చేతుల్తో పట్టుకుని ఏడ్చాడు. ఆయన ఏడవగా నేను చూడటం అదే మొదలు. నాకు అంతకుముందున్న కోపమంతా ఏమైపోయిందో. అక్క మాత్రం ఏడవలేదు. “లేవండి. ముందు ఆ గులాబీకి నీళ్లు వదలండి,” అంది.

గులాబీకి వదిలాడు, టమాటాకి వదిలాడు. మెట్లమీదికి వెళ్లి చెప్పు వెతికి తెచ్చి, పాదానికి చేతిరుమాలు కట్టి, తొడిగాడు. అక్కడే నిలబడి డాక్టరుకి ఫోన్ చేశాడు. వచ్చే వారం ఖాళీ ఉందన్నారట అవతల. “వచ్చే వారం వద్దండీ. ఇవాళే తీసుకొస్తాను. వరండాలో పడుకోమన్నా పడుకుంటాం,” అన్నాడు. ఇంటికి తాళం వేసి ఒక్కసారే లాగి చూశాడు.

ఆపరేషన్ జరిగినంతసేపూ బయట కుర్చీలో కూర్చోలేదు, గోడకి చెవి ఆనించి నిలబడ్డాడు. అటుపక్క మందుల గది అని నర్సు చెప్పినా కదల్లేదు. అక్క లేచింది. నడుం నిలబడింది, కాలు ఈడ్వడం తగ్గింది. మొక్కలకి ఏ లోటూ రాలేదు. పక్కింటివాళ్లు పొద్దున్నే కొళాయి తిప్పి పోతున్నారు, కుండీలన్నీ ఒకే తీరున పచ్చగా ఉన్నాయి. కొద్దివారాలకి మడమకి స్పర్శ వచ్చింది. కట్టు మార్చేటప్పుడు అక్క “అబ్బా” అంటే బావ ఎంత మురిసిపోయాడో.

వేళ్ల సంగతే తెలియాలి. ముందే వచ్చుంటే చెప్పగలిగేవాణ్ణి, ఇప్పుడు ఎంతవరకొస్తుందో చెప్పలేనన్నాడు డాక్టరు. రోజూ అక్కని కళ్లు మూసుకోమని, ఒక్కో వేలూ ముట్టుకుని, ఏదో చెప్పమని అడగమన్నాడు. వరసగా ముట్టుకోవద్దు, వరసైతే ఎవరైనా ఊహించి చెప్పేస్తారని బావకి రెండుసార్లు చెప్పాడు.

బావ రోజూ పొద్దున మంచం చివర కూర్చుంటాడు. అక్క కళ్లు మూసుకుంటుంది. అంత జాగ్రత్త మనిషి, రోజూ బొటనవేలితోనే మొదలుపెట్టి చిటికెనవేలు దాకా వరసగా పోతాడు. అక్క వరసగానే చెబుతుంది. ఒక్కటీ తప్పదు. నాకు వింతగా ఉండేది. డాక్టరు చెప్పిన ఒక్క జాగ్రత్తా ఈయన ఎలా మరిచిపోయాడని, ఒకరోజు తలుపు దగ్గర నిలబడి చూశాను.

బొటనవేలు ముట్టుకున్నాడు. అక్క “బొటనవేలు” అంది. దాని పక్కది. “పక్కది.” మధ్యవేలు. “మధ్యది.” అక్కడ బావ ఆగి, చెయ్యి తీసేసి, ఒళ్లో పెట్టుకున్నాడు. ఏ వేలూ ముట్టుకోలేదు.

“ఉంగరం వేలు,” అంది అక్క, కళ్లు తెరవకుండా.

“సరిగ్గా చెప్పావు,” అన్నాడు బావ.